ఐపాడ్ పాటలు పోగొట్టుకోకుండా యాపిల్ మ్యూజిక్‌కు మారడం ఎలా?

[దృశ్యం: విండోస్ ల్యాప్‌టాప్, పక్కన ఐపాడ్ క్లాసిక్, కేబుల్]

2022 మేలో యాపిల్ ఐపాడ్‌లకు పూర్తిగా స్వస్తి చెప్పింది. మీ పాత క్లాసిక్ లేదా నానో ఇంకా మోగుతోందా? అయితే యాపిల్ మ్యూజిక్‌కు (చందా కట్టి నెట్‌లో పాటలు వినే సేవ) చందా కట్టకముందే అందులోని పాటలు బయటికి తీయండి. చందాతో వచ్చే పాట అద్దెది. చందా ఆగితే, ఫోన్‌లోకి దించుకున్నదైనా మోగదు. ఐపాడ్‌లో మీరు ఎక్కించుకున్న ఎంపీ3 మాత్రం మీదే.

[స్క్రీన్: ఐట్యూన్స్]

కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కి పట్టుకుని ఐపాడ్ కలపండి. ఐట్యూన్స్‌లో (కంప్యూటర్‌లో ఐపాడ్‌ను చూసుకునే యాపిల్ సాఫ్ట్‌వేర్) దాని బొమ్మ కనిపించేదాకా వదలొద్దు. ఇలా చేస్తే దానంతటది సింక్ అవదు, అంటే కంప్యూటర్‌లోని పాటలకు తగ్గట్టు మారిపోదు. "ఎరేజ్ అండ్ సింక్" అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. ఎక్కువమంది పాటలు పోగొట్టుకునేది ఇక్కడే. ఐపాడ్ ఒక్క లైబ్రరీతోనే (ఐట్యూన్స్‌లోని పాటల సేకరణ) సింక్ అవుతుంది, కొత్త కంప్యూటర్‌లో ఆ లైబ్రరీ ఖాళీ. ఒప్పుకున్నారంటే ఐపాడ్ కూడా ఖాళీ అవుతుంది.

తర్వాత సమ్మరీ పేజీలో "ఎనేబుల్ డిస్క్ యూజ్" టిక్ పెట్టి అప్లై నొక్కండి. ఐపాడ్ ఇప్పుడు పెన్ డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. (ఐపాడ్ టచ్‌కు ఈ దారి లేదు.)

[స్క్రీన్: ఫైల్ ఎక్స్‌ప్లోరర్]

వ్యూ మెనూలో "హిడెన్ ఐటమ్స్" ఆన్ చేస్తే ఐపాడ్ కంట్రోల్ ఫోల్డర్, దానిలో మ్యూజిక్ ఫోల్డర్ బయటపడతాయి. ఫైళ్లకు అర్థంలేని నాలుగక్షరాల పేర్లుంటాయి, కంగారు పడకండి. పాట పేరు, సినిమా పేరు ఫైల్ లోపలి ట్యాగ్‌లో భద్రంగా ఉంటాయి. మ్యూజిక్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, ప్రాపర్టీస్‌లో రెండుచోట్లా ఫైళ్ల సంఖ్య సరిపోయిందో చూడండి. ఇంకో కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పెట్టండి.

ఐట్యూన్స్‌లో "యాడ్ ఫోల్డర్ టు లైబ్రరీ"తో కాపీని చేర్చండి. పాట పేరు ఉండాల్సిన చోట డౌన్‌లోడ్ సైటు పేరుంటే మార్చేయండి, లేదంటే రేపు వెతికినా దొరకదు.

[స్క్రీన్: ఫోన్]

ఇక చందా తీసుకుని, కంప్యూటర్‌లో ఐట్యూన్స్ ప్రిఫరెన్సెస్‌లో "ఐక్లౌడ్ మ్యూజిక్ లైబ్రరీ", ఫోన్‌లో "సింక్ లైబ్రరీ" ఆన్ చేయండి. యాపిల్ దగ్గర ఉన్న పాటలు జతపడతాయి, లేనివి మీ ఫైల్ నుంచే అప్‌లోడ్ అవుతాయి. 200 ఎంబీ దాటినవి, 2 గంటలు మించినవి ఎక్కవు. హరికథలు, ప్రవచనాల రికార్డింగులు ఆగిపోయేది అందుకే. వాటిని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గంట చొప్పున ముక్కలు చేయండి. అప్‌లోడ్ అయ్యాయి కదా అని కంప్యూటర్‌లో ఫైళ్లు చెరపొద్దు, సింక్ లైబ్రరీ బ్యాకప్ కాదు.

256 కేబీపీఎస్ (సెకనుకు 256 కిలోబిట్లు) నాణ్యతలో గంట వింటే దాదాపు 115 ఎంబీ డేటా ఖర్చవుతుంది. రోజూ వినేవి వైఫైలో దించుకోండి. నాలుగు నిమిషాల పాటలు వెయ్యికి సుమారు 8 జీబీ జాగా కావాలి. అలా దించుకున్నవి తిరిగి క్లాసిక్‌లోకో నానోలోకో ఎక్కించలేరు. ఆ ఐపాడ్‌లకు చందాను సరిచూసే వీల్లేదు.

పాత పాటలు వెతికేటప్పుడు పల్లవి కన్నా సినిమా పేరు కొట్టండి. ఒకే పల్లవిని ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు. దొరికాక గాయకుల పేర్లు, నిడివి చూడండి. అదే పేరుతో కవర్ పాటలూ చాలా ఉంటాయి.