గుడిమల్లం గురించి ఒక్క వాక్యం రాయాలంటే

అందరికీ నమస్కారం. తిరుపతి, చిత్తూరు పక్క కాలేజీ పిల్లలు కొందరు ఈ మధ్య తెలుగు వికీపీడియాలో రాయడం మొదలుపెట్టారు. మంచిదే. కానీ నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు మాత్రం అందరిదీ ఒకటే. "అన్నా, మా ఊరి గుడి గురించి మాకు తెలిసిందే రాశాం. సాయంత్రానికల్లా వాక్యం పక్కన 'ఆధారం చూపాలి' అని తగిలించారు. రెండు వాక్యాలు తీసేశారు కూడా. మా ఊరి సంగతి మాకంటే వాళ్లకు ఎక్కువ తెలుసా?"

తెలియదు. ఆ తగిలించిన మనిషి మీ ఊరి పొలిమేర కూడా చూసి ఉండడు. చదివేవాళ్లూ చూసి ఉండరు. మీరెవరో, మీ మాట ఎంతవరకు నమ్మచ్చో వాళ్లకు తెలిసే దారి లేదు. అందుకే "దీన్ని నేను ఎక్కడ సరిచూసుకోవాలి?" అని అడుగుతారు. అడిగినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి.

అసలు చిక్కు ఎక్కడంటే, మనవాళ్లు పని తలకిందులుగా చేస్తారు. మనసులో ఉన్నదంతా గడగడా రాసేసి, ఆ తర్వాత దానికి సరిపోయే లింకు కోసం గూగుల్‌లో వెతుకుతారు. దొరికిన లింకులో సగం సంగతే ఉంటుంది, మిగతా సగం మన సొంతం. అట్లా కాదు. ముందు పుస్తకం తెరిచి పెట్టుకోవాలి. అందులో ఉన్నంతే, మన మాటల్లో రాయాలి. మక్కికి మక్కి దించడం కాదండోయ్, అది కాపీరైటు గొడవ.

ఏర్పేడు దగ్గర గుడిమల్లం పరశురామేశ్వరాలయం ఉంది కదా, దాన్నే తీసుకుందాం. స్క్రీన్ మీద చూడండి, ఇలాంటి వాక్యం చాలా చోట్ల కనిపిస్తుంది: "గుడిమల్లం శివలింగం ప్రపంచంలోనే మొట్టమొదటి శివలింగం, క్రీ.పూ. 3వ శతాబ్దం నాటిది." మనకు గర్వంగానే ఉంటుంది, ఎందుకుండదు? కానీ ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. "మొట్టమొదటి" అనాలంటే ప్రపంచంలో ఉన్న లింగాలన్నీ, ఇంకా మట్టి కింద ఉన్నవాటితో సహా, ఎవరో లెక్క తీసి ఉండాలి. "ఇప్పటివరకు తెలిసిన అతి ప్రాచీన లింగాల్లో ఒకటి" అని రాయండి, మూలాలు బోలెడు దొరుకుతాయి. గుడిమల్లం గొప్పతనం ఏమీ తగ్గిపోదు.

ఇక కాలం సంగతి. 1911లో పురావస్తు పరిశోధకుడు టి.ఎ. గోపీనాథరావు ఈ లింగాన్ని పరిశీలించారు. శిల్పం తీరును బట్టి క్రీ.పూ. 2వ శతాబ్దం అన్నారు. 1973లో పురావస్తు శాఖ తరఫున ఐ.కె. శర్మ అక్కడ తవ్వకాలు జరిపారు. క్రీ.పూ. 3వ శతాబ్దం అనేవాళ్లున్నారు. క్రీ.శ. 2వ శతాబ్దమనీ, అంతకంటే తర్వాతదనీ అనేవాళ్లూ ఉన్నారు. కొత్తవాళ్లకు ఇక్కడ టెన్షన్ మొదలవుతుంది, అన్నింటికంటే పాత తేదీ ఏదో అది పట్టుకుంటారు. ఎంచుకునే పని మనది కాదండి. ఎవరు ఏమన్నారో పేరు పెట్టి రాయండి, ఒక్కొక్కరి మాట పక్కనే వాళ్ల పుస్తకం పేరు, పేజీ నంబరు ఇవ్వండి. పేజీ నంబరు లేకుండా పుస్తకం పేరు మాత్రమే ఇస్తే "తిరుపతిలోనే ఉంటాడు, వెళ్లి కలువు" అని అడ్రస్ చెప్పినట్టే.

తిరుమల ఆలయానికి భోగ శ్రీనివాసమూర్తి అనే వెండి విగ్రహాన్ని సమర్పించిన పల్లవ రాణి సామవై విషయమూ ఇంతే. ఆ విగ్రహం ఇచ్చిన సంవత్సరం కొన్ని పుస్తకాల్లో క్రీ.శ. 614 అని ఉంటుంది, కొన్నింట్లో 966. మూడు వందల ఏళ్లకు పైగా తేడా! అట్లయితే శాసనమే నేరుగా చదివి తేల్చేస్తే పోలేదా అని మీకు అనిపించచ్చు. తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి, మన పక్క తమిళం వచ్చినవాళ్లకు కొదవ లేదు. అయినా గోడ మీద శాసనం చదివి సొంతంగా అర్థం తీస్తే అది మీ పరిశోధన అవుతుంది. దాన్ని వికీపీడియా తీసుకోదు. టీటీడీ అచ్చువేసిన శాసన సంపుటాలున్నాయి, వాటి మీద పనిచేసిన సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి రాసిన నివేదిక ఉంది. అక్కడ మొదలుపెట్టండి.

పాత పుస్తకాలు వెతికేవాళ్లు తప్పకుండా పొరపడే చోటు ఒకటుంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1881లో ఆర్థర్ కాక్స్ రాసిన జిల్లా మాన్యువల్ కూడా ఉత్తర ఆర్కాటు పేరు మీదే ఉంది. "చిత్తూరు" అని వెతికి, ఏమీ లేదని వదిలేయకండి. ఈ చివర 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చింది. అప్పటి నుంచి కొందరు కనిపించిన ప్రతి "చిత్తూరు జిల్లా"నూ "తిరుపతి జిల్లా" చేసేస్తున్నారు. 2011 జనగణన లెక్క ఇచ్చే వాక్యంలో అట్లా మార్చితే ఎట్లా? అప్పటికి ఆ జిల్లానే లేదు కదా.

లడ్డూకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీనికి సర్కారు రిజిస్ట్రీలో రికార్డు ఉంది, గొడవే లేదు. కానీ "1715 ఆగస్టు 2న లడ్డూ మొదలైంది" అని పది వెబ్‌సైట్లలో చూసి, పది లింకులూ తగిలిస్తారు. పదీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవైతే అది ఒక్క మూలమే. ఇంకో తమాషా ఏమిటంటే, వికీపీడియాలో ఎవరో రాసింది చూసి పత్రిక వార్త వేస్తుంది, ఆ వార్తనే మనం మళ్లీ వికీపీడియాలో ఆధారంగా చూపిస్తాం. వార్త తేదీ, వికీపీడియా పేజీ చరిత్ర (ఏ మార్పు ఎప్పుడు చేశారో చూపే జాబితా) పక్కపక్కన పెట్టి చూస్తే దొరికిపోతుంది.

కాణిపాకం వినాయకుడు పెరుగుతున్నాడన్నది కూడా రాయచ్చు. "భక్తుల నమ్మకం" అని రాసి, ఆ నమ్మకాన్ని నమోదు చేసిన పుస్తకమో పత్రికో చూపించండి.

మరి మా అవ్వ చెప్పిన సంగతులు ఏం చేయాలి? ఇది అడిగినప్పుడు నాకూ బాధే, ఎందుకంటే గంగమ్మ జాతర గురించి మన అవ్వలకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ ఉండదు. వాటిని వికీపీడియాలో మొదటిసారి పెట్టడానికి లేదు. పేరున్న పత్రికకు వ్యాసంగా రాయండి, అచ్చయ్యాక దాన్ని ఎవరైనా మూలంగా వాడుకుంటారు. ఈలోగా మీరు చేయగలిగింది ఇంకోటి ఉంది. మీరు తీసిన ఫోటోకి పుస్తకం అక్కర్లేదు. మే నెలలో జాతర జరిగేటప్పుడు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, దేనికి దాన్ని విడివిడిగా ఫోటో తీసి, మీ పేరు మీదే వికీమీడియా కామన్స్‌లోకి (వికీపీడియా వాడుకునే ఫోటోలు దాచే సైటు) ఎక్కించండి. తేదీ, వీధి పేరు, అది ఏ వేషమో తప్పకుండా రాయండి. వేషం కట్టినవాళ్లను ముందు ఒక మాట అడిగి తీయండి.