పెరట్లో దిద్దు పోతే: మెటల్ డిటెక్టర్‌తో వెతికే పద్ధతి

[దృశ్యం: అరచేతిలో ఒకే ఒక్క బంగారు దిద్దు, సీలతో సహా. వెనకాల మట్టి నేల, గడ్డి, బోరు పంపు.]

వాయిస్: దిద్దు పోయిన ఇంట్లో డిటెక్టర్ కంటే పనికొచ్చే వస్తువు ఒకటుంది. రెండో చెవికి మిగిలిన దిద్దు. దాన్ని తీసి దగ్గర పెట్టుకోండి, కాసేపట్లో దాంతోనే పని.

ముందు చేయకూడని పనులు. వాకిలి ఊడవొద్దు, కల్లాపి చల్లొద్దు, గడ్డి కోయించొద్దు. ఇంటిల్లిపాదీ తలో మూలా తొక్కుతూ తిరగొద్దు. మెత్తటి నేలలో మడమ కింద పడితే దిద్దు చటుక్కున లోపలికి దిగిపోతుంది. అప్పటికే ఊడ్చేసి ఉంటే ఆ చెత్త ఎక్కడ పోశారో అడగండి. పెంటకుప్ప అయితే మరీ తేలిక: టార్పాలిన్ మీద రెండంగుళాల మందాన పరిచి, పైనుంచి కాయిల్ (డిటెక్టర్ కర్ర కింది కొసన ఉండే గుండ్రటి పళ్లెం) తిప్పితే చాలు.

తర్వాత ఫోన్ తెరవండి. ఆ రోజు తీసిన ఫొటోలను వరసగా పెద్దవి చేసి చూడండి. 11 గంటల ఫొటోలో చెవికి దిద్దు ఉండి, 12:30 ఫొటోలో లేకపోతే, వెతకాల్సింది ఆ గంటన్నరలో తిరిగిన చోట్లే. అర ఎకరం తోట పది అడుగుల దారి అయిపోవచ్చు.

[గ్రాఫిక్: కాయిల్ కింద నేలలో ఉంగరం, దాని చుట్టూ తిరిగే కరెంటు]

వాయిస్: ఇప్పుడు యంత్రం సంగతి. కాయిల్‌లో ఒక చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. ఆ క్షేత్రం తగిలిన లోహంలో చిన్న సుడి కరెంట్లు పుడతాయి, వాటిని రెండో చుట్ట పట్టుకుంటుంది. అంతే. యంత్రానికి ముఖ్యంగా తెలిసేది లోహం ఎంత బాగా కరెంటు పారనిస్తుంది, ఎంత పెద్దది అన్న రెండే. ఇది బంగారం అని చెప్పే డిటెక్టర్ లేదు. "వంద మీటర్ల దూరం నుంచే బంగారాన్ని చూపిస్తుంది" అని యాంటెనా కడ్డీలతో అమ్మే సామాను దగ్గరికి అసలు పోవద్దు.

చిన్న బంగారానికి ఎక్కువ ఫ్రీక్వెన్సీ (ఆ క్షేత్రం సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందన్న లెక్క) కావాలి. 15 నుంచి 20 కిలోహెర్ట్జ్ మీద పనిచేసేది, లేదా మల్టీ ఫ్రీక్వెన్సీది తీసుకోండి. కాయిల్ 5-6 అంగుళాలది చాలు. పెద్ద కాయిల్ లోతుకి పోతుంది గానీ దిద్దంత వస్తువును వదిలేస్తుంది. పక్కపక్కనే ఉన్న మేకునీ దిద్దునీ కలిపి ఒక్క వస్తువుగా వింటుంది. నేల బాగుంటే ఉంగరం ఆరేడు అంగుళాల లోతులో ఉన్నా దొరుకుతుంది, దిద్దుకి రెండు మూడే. నిన్న మొన్న పోయిన నగ ఎలాగూ గడ్డి వేళ్ల మధ్యే ఉంటుంది, కాబట్టి లోతు గురించి బెంగ వద్దు.

[దృశ్యం: దిద్దును చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, దారం కట్టి, మట్టిలో అంగుళం లోతున పెడుతున్న చేతులు. దారం కొస పైకి కనిపిస్తూ ఉంటుంది.]

వాయిస్: జత దిద్దు పని ఇదీ. వెతకబోయే నేలలోనే, ఇనుము లేని చోట, అంగుళం లోతున పెట్టండి. దారం మరిచిపోవద్దు, రెండోది కూడా పోతే ఇక చెప్పేదేముంది! పైనుంచి కాయిల్ తిప్పి, తెరమీద వచ్చే నంబర్ రాసుకోండి. దిద్దును పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడండి. నిలబడి ఉన్న దిద్దు గొంతు బాగా తగ్గిపోతుంది. ఆ రెండు నంబర్ల మధ్యా, అటూ ఇటూ నాలుగైదు వరకూ ఏది మోగినా తవ్వాల్సిందే. టాబ్లెట్ స్ట్రిప్పు ముక్కలు, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం కూడా అదే నంబర్ల దగ్గర మోగుతాయి. చెత్త అని డిస్క్రిమినేషన్‌లో (ఫలానా నంబర్లకి మోగకుండా చేసే సెట్టింగ్) వాటిని కోసేస్తే బంగారం కూడా దాంతోపాటే పోతుంది. చాలామంది దొరకలేదని వెళ్లిపోయేది ఇక్కడే.

వాకిట్లో ఇంకో గొడవ ఉంది. ఏళ్ల తరబడి దీపావళికి కాల్చిన కాకరపువ్వొత్తుల తీగలు, స్లాబు పోసినప్పటి బైండింగ్ వైరు ముక్కలు, సోడా మూతలు. పాత స్పీకర్ అయస్కాంతానికి పురికొస కట్టి, నేలకి వేలెడు ఎత్తులో మెల్లగా తిప్పండి. పైపైన ఉన్న ఇనుము దానికి అంటుకుంటుంది, బంగారానికేమీ కాదు.

[దృశ్యం: నాలుగు మేకులు, పురికొస, మూడడుగుల వెడల్పు పట్టీలుగా విడదీసిన నేల]

వాయిస్: బోరు మోటారు, ఇన్వర్టర్ ఆపేయండి. ఫోన్ ఇంట్లో పెట్టండి. వెతికే మనిషి కాలి మెట్టెలు, పట్టీలు కాయిల్ దగ్గరికి వచ్చినా మోగుతాయి.

గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఖనిజాలకి యంత్రం మోగకుండా సర్దడం: లోహం లేని చోట కాయిల్‌ను అంగుళం ఎత్తు నుంచి జానెడు ఎత్తు దాకా పైకీ కిందికీ ఆడిస్తూ, మోత మారకుండా నిలిచేదాకా సరిచేయాలి. ఎర్ర చెలకల్లో, మొరం పోసిన ఆవరణల్లో నేలలోనే ఇనుప ఖనిజం ఉంటుంది. అక్కడ కీచుమని గోల చేస్తే సెన్సిటివిటీ పెంచకండి, తగ్గించండి.

కాయిల్ నేలకి అంగుళం ఎత్తులో, సమాంతరంగా. చీపురు ఊపినట్టు చివర్లలో పైకి లేపితే అక్కడున్నది తప్పిపోతుంది. ప్రతి ఊపూ ముందు ఊపులో సగాన్ని కప్పాలి. పురికొసతో విడదీసిన నేల పట్టీలన్నీ నిలువుగా అయ్యాక, అడ్డంగా ఇంకోసారి. నిలబడి ఉన్న దిద్దు రెండో వరసలో మోగడం మామూలే.

సిగ్నల్ దొరికితే 90 డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపండి. నంబర్ ఎగిరెగిరి పడుతుంటే ఎక్కువసార్లు సోడా మూతో తుప్పు రేకో. రెండు వైపులా ఒకే నంబర్ నిలబడితే మోకాళ్ల మీద కూర్చోండి.

[క్లోజప్: బొరిగెతో గడ్డిని మూడు వైపులా కోసి, నాలుగో వైపు వదిలేసి, మూతలా తెరుస్తున్న చేయి]

వాయిస్: గునపం వద్దు. సిగ్నల్ మధ్య నుంచి మూడు అంగుళాలు ఎడంగా బొరిగె దించండి, నడిమిన పొడిస్తే దిద్దు సొట్టపోతుంది, రాయి ఊడుతుంది. గడ్డి చెక్కను మూతలా తెరిచి, మట్టిని గోనె పట్టా మీద పోసి, ముందు గుంతను, తర్వాత మట్టిని వేర్వేరుగా కాయిల్‌తో చూడండి. పిన్‌పాయింటర్ (గుంతలో పెట్టి చూసే చేతికడ్డీ లాంటి చిన్న డిటెక్టర్) ఉంటే నిమిషం పని. లేకపోతే మట్టిని గుప్పెడు గుప్పెడుగా ప్లాస్టిక్ తట్టలో వేసి కాయిల్ ముందు నుంచి జరపండి. చూశాక మట్టి పోసి, గడ్డి మూత మూసి, కాలితో అదమండి. ఇంకొకరి స్థలమైతే ముందే అడిగి, ఎక్కడ తవ్వుతారో చూపించి మొదలుపెట్టండి.

గొలుసుల సంగతి వేరు. సన్న గొలుసు ఎంత బరువున్నా యంత్రానికి ఒక్కో లంకె ఒక్కో చిన్న వస్తువుగానే వినిపిస్తుంది. మోగేది కొక్కెమే. అదే మంగళసూత్రమైతే పుస్తెలు గట్టిగా మోగుతాయి, నల్లపూసలు మోగవు. ముక్కుపుడకకి డిటెక్టర్ మీద ఆశ పెట్టుకోవద్దు: పై అంగుళం మట్టిని గీకి, ఆరబెట్టి, సన్న జల్లెడ పట్టడమే.

ఇంకో మాట. పగలే వెతకండి, పక్కింటివాళ్లకి చెప్పండి. రాత్రి టార్చితో, మిషన్‌తో తవ్వుతుంటే మన ఊళ్లలో ముందు వచ్చే అనుమానం గుప్తనిధులే. మీ నగ కాకుండా పాత నాణేలో, చెంబో బయటపడితే చేయి ఆపేయండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే, స్థలం మీదే అయినా, కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

[దృశ్యం: దొరికిన దిద్దు, నీళ్ల గిన్నె]

వాయిస్: దొరికిన దిద్దును చీర కొంగుతో తుడవకండి, ఇసుక రేణువులు గీతలు పెడతాయి. నీళ్లలో ముంచి ఆడించండి. సీల లేకుండా దొరికితే గుంత మూయొద్దు, అది కూడా ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు, కాయిల్ ఇంకోసారి తిప్పండి.