నాలుగు అంకణాల భాటకం

సభకు నమస్కారం.

ఈ ప్రసంగానికి సిద్ధమవుతూ మొన్న ఆదివారం టేపు తీసుకుని వీధిలోకి వెళ్లాను. ఇంటి ముందు నిలిపి ఉన్న మా కారు ఆక్రమించిన చోటును, తలుపు తెరిచి దిగడానికి కావలసిన జాగాతో సహా కొలిచాను. పొడవు 5 మీటర్లు, వెడల్పు రెండున్నర మీటర్లు వచ్చింది. మన లెక్కలో, అంటే అంకణానికి 36 చదరపు అడుగుల చొప్పున, అది నాలుగు అంకణాలకు కాస్త తక్కువ. మన తిరుపతిలో, భవానీనగర్‌లోనో కొర్లగుంటలోనో నాలుగు అంకణాలు ఎవరైనా ఊరికే ఇస్తారా అని అడిగితే మీరు నవ్వుతారు. మా వీధి మాత్రం నాకు పదకొండేళ్లుగా ఊరికే ఇస్తోంది.

ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో వివరించిన భాటక సిద్ధాంతాన్ని, అంటే నేల అద్దె ఎలా పుడుతుందో చెప్పే సిద్ధాంతాన్ని, మనలో చాలామందిమి డిగ్రీ పరీక్ష కోసం చదివి, హాలు బయటికి రాగానే మరిచిపోయాం. సారమున్న నేలకూ సారం లేని నేలకూ దిగుబడిలో ఉండే తేడా నుంచే భాటకం పుడుతుందని, ధాన్యం ధర పెరిగినందువల్ల భాటకం పెరుగుతుందే తప్ప భాటకం వల్ల ధాన్యం ధర పెరగదని ఆయన వాదించాడు. పొలం బదులు వీధిని పెట్టి చూడండి. గోవిందరాజస్వామి గుడి దగ్గరి నాలుగు అంకణాలకూ ఊరి చివరి నాలుగు అంకణాలకూ విలువలో ఉన్న తేడాను కారు యజమాని సృష్టించలేదు. గుడి, రైల్వే స్టేషను, అంగళ్లు, రోజూ వచ్చిపోయే యాత్రికులు కలిసి సృష్టించారు. కాబట్టి ఆ భాటకం ఊరిది. దాన్ని కారున్నవాళ్లకు వదిలేసి, కారు లేని మనిషిని నడిరోడ్డు మీద నడవమంటున్నాం.

ఆ కారు కదిలినప్పుడు మరో లెక్క మొదలవుతుంది. ఉదయం తొమ్మిదింటికి లీలామహల్ సర్కిల్ దగ్గర నేను చిక్కుకుంటే నా పెట్రోలు, నా ఆలస్యం నాకు తెలుస్తాయి. నా వెనక ఆగిన ప్రతి బండికీ నా వల్ల పెరిగిన ఆలస్యం మాత్రం నా లెక్కలోకి రాదు. ఇలా ఒకరి పనికి ఇతరులు చెల్లించే ఖర్చును పన్ను రూపంలో ఆ పని చేసినవారి చేతే కట్టించాలని ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లో చెప్పాడు. 1975లో సింగపూరు, 2003లో లండను నగర కేంద్రంలోకి వచ్చే కార్ల మీద రుసుము పెట్టింది ఈ తర్కంతోనే.

అయితే రుసుము ఒక్కటే చాలదని నా అభిప్రాయం. తిరుపతి నుంచి చిత్తూరుకు సుమారు 70 కిలోమీటర్లు. కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనీ, లీటరు పెట్రోలు 110 రూపాయలనీ అనుకుంటే, ఒకవైపు ప్రయాణానికి 513 రూపాయలు అవుతుంది. ఇంట్లో నలుగురు బయలుదేరేటప్పుడు ఈ అంకెనే బస్సు టికెట్లతో పోల్చుకుంటారు. కానీ 8 లక్షల కారు పదేళ్లు నడిచి, ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరిగితే, అమ్మినప్పుడు వచ్చేది పక్కన పెట్టి చూస్తే, కొన్న ధరే కిలోమీటరుకు 10 రూపాయలు పడుతుంది. అంటే చిత్తూరుకు మరో 700. బీమా, సర్వీసింగు ఇందులో లేవు. వాయిదాలు ఎలాగూ కడుతున్నాం కదా అని ఆ 700ను ఎవరూ లెక్కించరు, లెక్కించకపోవడం తప్పు కూడా కాదు. స్థిర వ్యయం ఒకసారి పెట్టేశాక, ఆ పూట నిర్ణయానికి మిగిలేది ఉపాంత వ్యయమే, అంటే ఆ ఒక్క ప్రయాణానికి అదనంగా అయ్యే ఖర్చే. అందుకే బస్సా, కారా అన్నది బస్టాండులో కాదు, షోరూంలోనే తేలిపోతుంది.

మరి షోరూందాకా మనిషిని తీసుకుపోయేది ఏమిటి? గొప్ప కోసం కొనేవాళ్లు ఉన్నారు, కాదనను. నేను కొన్నది మాత్రం బస్సు కోసం కాచుకోలేక. అరగంటకొక బస్సున్న దారిలో వేళ తెలియకుండా స్టాపుకు వచ్చినవారు సగటున పావుగంట నిలబడాలి. ప్రయాణికులు పెరిగి బస్సులు రెట్టింపైతే ఆ నిరీక్షణ ఏడున్నర నిమిషాలకు దిగుతుంది. అంటే కొత్తగా బస్సెక్కిన మనిషి, తనకు తెలియకుండానే పాత ప్రయాణికుడికి మేలు చేస్తాడు. ఆర్థికవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లో చూపింది ఇదే. నేను కారు కొన్ననాడు దీనికి సరిగ్గా ఎదురు పని చేశాను. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. మంచిదే, కానీ టికెట్టు సున్నా అయినా నిరీక్షణ సున్నా కాదు. పెరిగిన ప్రయాణికులకు తగినట్టు ట్రిప్పులు పెరిగితే మోరింగ్ చెప్పిన మేలు దక్కుతుంది, పెరగకపోతే ఫుట్‌బోర్డు మీద వేలాడటమే మిగులుతుంది.

కారుకు రుసుము, వెంటవెంటనే బస్సు, ఈ రెండూ కలిసిన చోటు మన ఊళ్లోనే ఉంది. అలిపిరి టోల్‌గేటు దగ్గర కొండకెక్కే కారు రుసుము కడుతుంది. పక్కనే కొండ బస్సులు ఒకదాని వెంట ఒకటి బయలుదేరుతుంటాయి. కారులో ఎంతో దూరం నుంచి వచ్చినవాళ్లు సైతం దాన్ని కింద నిలిపి బస్సెక్కడం మీరూ చూసే ఉంటారు. వాళ్లకు ఆర్థిక సిద్ధాంతాలు తెలియనక్కర్లేదు, ఎదురుగా బస్సు కనిపిస్తే చాలు.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. గాంధీ రోడ్డు, గోవిందరాజస్వామి గుడి పరిసరాల్లో కారు నిలిపే చోటుకు గంటల చొప్పున అద్దె పెట్టాలి; ఆ డబ్బును సాధారణ ఖజానాలో కలపకుండా ఊళ్లో తిరిగే బస్సుల ట్రిప్పులు పెంచడానికే వాడాలి; పెంచిన ట్రిప్పులు రోడ్డెక్కాకే అద్దె వసూలు మొదలవ్వాలి. ఈ వరుస తప్పితే జనం ఎదురు తిరుగుతారు, అప్పుడు నేనూ వాళ్లతోనే ఉంటాను. గంటకు ఎంత అన్నది, మా వీధి వంటి ఇళ్ల వీధులకు కూడా వర్తింపజేయాలా అన్నది చర్చించవలసినవి. వాటి మీద మీ ప్రశ్నలు వింటాను.