వెనక బ్రేకు పైపు: అతుకు వద్దు, మార్చేయండి

అందరికీ నమస్కారం. పాత పికప్ ట్రక్కు నడిపేవాళ్లూ ఉన్నారిక్కడ, వాటి కింద దూరి పనిచేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. వెనక బ్రేకు పైపు తుప్పుపట్టి ఒకచోట కారిందంటే, ఆ ముక్క కోసి అతుకేయకండి. మొత్తం మార్చేయండి.

ఎందుకో తెలియాలంటే ఆ పైపు ఎటు పోతుందో చూడాలి. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ దగ్గర బయలుదేరి, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే పరికరం) ఉంటే దాని గుండా, ఛాసిస్ పట్టీని ఆనుకుని వెనక్కి పోతుంది. యాక్సిల్ కదులుతుంది కాబట్టి అక్కడొక రబ్బరు హోస్. ఆ తర్వాత టీ జాయింట్, దాని నుంచి చెరో చక్రానికి ఒక్కో కొమ్మ. చాలా బండ్లలో ఈ పైపు లావు 4.75 మిల్లీమీటర్లు, గోడ మందం 0.7 మిల్లీమీటర్లు. అంత పల్చటి గోడ, గట్టిగా తొక్కితే 1,000 పీఎస్‌ఐ దాటే ఒత్తిడిని ఆపాలి. తుప్పు సగం తిన్నాక అది ఏం ఆపుతుంది?

ఆ తుప్పు కూడా మనకి కనబడే చోట ఉండదు. మట్టీ ఉప్పూ చేరి తడి ఆరనిచోట ఉంటుంది: క్లిప్పుల వెనక, ఇంధనం ట్యాంకు పైన. పైకి బాగానే ఉన్న పైపు క్లిప్పు ఊడదీయగానే పొరలు పొరలుగా చేతికొస్తుంది. కారిన చోటు ముందుగా ఓడిపోయిందంతే, మిగతా చోట్లు దాని వెనక వరసలో ఉన్నాయి. పైగా అతుకేయాలంటే ఆ తుప్పు పైపుకే కొత్తగా ఫ్లేర్ కొట్టాలి, అంటే జాయింటులో కారకుండా కూర్చునేలా పైపు మూతిని వెడల్పు చేయాలి. అది చిట్లుతుంది. ఫ్లేర్ గొడవ లేకుండా, పైపు చుట్టూ రింగుని నొక్కి పట్టే కంప్రెషన్ జాయింటు బిగించేవాళ్లున్నారు. నీళ్ల పైపుకి సరే, బ్రేకు పైపుకి అది పనికిరాదు. మాస్టర్ సిలిండర్లో రెండు గదులుంటాయి, వెనక పోయినా ముందు బ్రేకులు పడతాయి కదా అంటారు. పడతాయి. కానీ పెడల్ కిందికి జారిపోతుంది, బండి ఆగడానికి బాగా ఎక్కువ దూరం పడుతుంది.

కొత్త పైపుగా పూత పూసిన స్టీలు దొరుకుతుంది. నేనైతే కాపర్-నికెల్ వేయమంటాను. దాదాపు 90 శాతం రాగి, 10 శాతం నికెల్. చేత్తోనే వంగుతుంది, తుప్పుపట్టదు. ఉత్త రాగి గొట్టం మాత్రం వద్దు. అదురుకి గట్టిపడి, పగుళ్లిస్తుంది.

ఇక విప్పడం. అసలు తిప్పలు ఇక్కడే. ముందురోజే నట్లన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. మామూలు స్పానర్ వేస్తే నట్టు అంచులు అరిగి గుండ్రమైపోతాయి. నట్టుని దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్ వాడండి. అయినా కదలకపోతే, పాత పైపు ఎలాగూ పారేసేదే కాబట్టి నట్టు మొదట్లో దాన్ని కోసేయండి. ఇప్పుడు నట్టు మీద ఆరు పలకల సాకెట్ నిండుగా కూర్చుంటుంది. వేడి చేద్దామనుకుంటారు, బ్రేకు ఆయిల్ మండుతుందని గుర్తుంచుకోండి. ఆయిల్ రంగుని కూడా తినేస్తుంది, పడితే వెంటనే నీళ్లతో కడగాలి. ఇంకో కిటుకు: పెడల్‌ని కొద్దిగా కిందికి నొక్కి కర్రతో ఆపితే పై డబ్బాలోని ఆయిల్ కారిపోదు. ఏబీఎస్ బండ్లలో ఇది మరీ ముఖ్యం. దానిలోకి గాలి దూరితే చాలా బండ్లకి స్కానర్ పెడితేగాని పోదు. ట్యాంకు పైకి చెయ్యి దూరకపోతే తంటాలు పడకుండా వెనక తొట్టి బోల్టులు విప్పి లేపేయండి. వినడానికి పెద్ద పనిలా ఉంటుంది కానీ, నడుం దక్కుతుంది.

ఫ్లేర్ సంగతి కాస్త నిదానంగా చెప్తాను. పైపుని కట్టర్‌తో తిన్నగా కోయండి, లోపలి అంచున లేచిన గరుకు గీకేయండి, రజను దులపండి. నట్టు ఎక్కించాకే ఫ్లేర్ కొట్టాలి. నవ్వుతున్నారంటే మీకూ ఆ అనుభవం అయిందన్నమాట! ఫ్లేర్ పనిముట్టులోని డై (అచ్చు) పెట్టి నొక్కగానే పైపు మూతి పుట్టగొడుగులా ఉబ్బుతుంది. డై తీసి కోను నొక్కితే ఆ అంచు లోపలికి మడత పడి రెండు పొరలవుతుంది. దాన్ని వెలుతురులో తిప్పి చూడండి. మడత ఒక పక్కకి ఒరిగినా, వెంట్రుకంత చీలిక ఉన్నా కోసి మళ్లీ కొట్టండి. కొన్ని బండ్లలో ఈ 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్ కాకుండా బబుల్ ఫ్లేర్ ఉంటుంది. మొదటి నొక్కుతో వచ్చే ఉబ్బు లాంటిదే దాని ఆకారం. ఒకదాని చోట ఇంకొకటి పెట్టి ఎంత బిగించినా కారుతుంది. పాత పైపు కొస పక్కన పెట్టుకుని పోల్చుకోండి.

కొత్త పైపు పాత దారిలోనే, పాత క్లిప్పుల చోట్లలోనే పోవాలి. సైలెన్సర్ గొట్టానికి దూరంగా, దేనికీ రాసుకోకుండా ఉండాలి. హోస్ దగ్గర రెండో స్పానర్‌తో ఆపి పట్టుకుంటే రబ్బరు మెలిపడదు.

పైపుల్లో చేరిన గాలి తీసేటప్పుడు సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. గాలి వదిలే నిపుల్ విరిగితే దాన్ని తొలుస్తూ కూర్చోకండి, అది ఉండే వీల్ సిలిండరే (చక్రం దగ్గర బ్రేకుని నొక్కేది) మార్చండి. పాత బండైతే పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. పూర్తిగా నేలకి తొక్కితే సిలిండర్ లోపల ఎప్పుడూ తిరగని గరుకు భాగం మీదికి సీలు పోయి చిరుగుతుంది. ఆయిల్ మూత మీద రాసిన రకమే పోయాలి, అదీ కొత్త సీసాలోది. తేమ పీల్చిన ఆయిల్ త్వరగా మరుగుతుంది: డాట్ 3 అనే రకానికి కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు, తేమ పీల్చాక పరీక్షించే ప్రమాణం 140 డిగ్రీలే.

ఆఖరున ఇంజన్ నడుస్తుండగా ఒకరు పెడల్‌ని బలంగా తొక్కి పట్టాలి, ఇంకొకరు ప్రతి జాయింటుకీ పొడి కాగితం ఒత్తి చూడాలి. ఎక్కడ తడిసినా బండి కదలకూడదు. ఎలాగూ బండి కిందే ఉన్నారు కాబట్టి టార్చి ముందు పైపుల మీద కూడా వేయండి. ఇంతకుముందు మార్చి ఉండకపోతే వాటిదీ అదే వయసు.