తొమ్మిది పోటీలు, ఆరు ఊళ్లు: ఎమ్మెల్యేగా ఎన్టీఆర్

[స్క్రీన్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మ్యాప్. ఆరు చుక్కలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

నమస్కారం. ఈ మ్యాప్ ఒకసారి చూడండి. కింద, కర్ణాటక సరిహద్దును ఆనుకుని హిందూపురం. పైన, ఒడిశా వైపు శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి. మధ్యలో తిరుపతి, గుడివాడ, నల్గొండ, కల్వకుర్తి. ఈ ఆరు చోట్లా ఎమ్మెల్యే పదవికి నామినేషన్ వేసిన మనిషి ఒకరున్నారు. నందమూరి తారక రామారావు.

ముఖ్యమంత్రిగా ఆయన గురించి మనం చాలా విన్నాం. కిలో రెండు రూపాయల బియ్యం, మండలాలు, పటేల్ పట్వారీల రద్దు, ఆడపిల్లలకు ఆస్తిహక్కు. వాటి గురించి చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఎమ్మెల్యేగా ఆయన లెక్క ఏంటి అని అడిగితే మాత్రం చాలామంది కాసేపు ఆలోచిస్తారు. ఆ లెక్క నాలుగు అసెంబ్లీ ఎన్నికలు, తొమ్మిది పోటీలు, ఎనిమిది గెలుపులు, ఒక ఓటమి. ఈ వీడియో ఆ లెక్క గురించే. ఎక్కడ నిలబడ్డారు, ఎందుకు నిలబడ్డారు, గెలిచాక ఏ సీటు ఉంచుకున్నారు, ఏది వదిలేశారు. ఒక నాయకుడి మనసులో ఏముందో ఆయన ప్రసంగాల కంటే ఆయన నామినేషన్ పత్రాలే ఎక్కువ చెబుతాయని నా నమ్మకం.

[పాత ఫొటో: వ్యాన్ పైన నిలబడి చేతులు జోడించిన ఎన్టీఆర్]

1982 మార్చి 29న హైదరాబాద్‌లో తెలుగుదేశం పార్టీ పెట్టారు. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. 1978లో గెలిచిన కాంగ్రెస్ ఆ ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. మన ముఖ్యమంత్రి ఎవరో ఢిల్లీలో తేలుతోందన్న బాధ జనంలో నిజంగానే ఉంది. ఆత్మగౌరవం అనే మాట ఊరికే అంటుకోలేదు, అంటుకోవడానికి ఎండిన గడ్డి ముందే సిద్ధంగా ఉంది.

పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ఎన్నికలు. పాత షెవ్రొలే వ్యాన్‌ను బాగుచేయించి, దానికి చైతన్య రథం అని పేరు పెట్టి, రాష్ట్రమంతా తిరిగారు. స్టీరింగ్ దగ్గర కొడుకు హరికృష్ణ. ఆ డ్రైవర్ సీటును కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అక్కడికే వస్తాం.

1983 జనవరిలో పోలింగ్. ఎన్టీఆర్ రెండు చోట్ల నిలబడ్డారు, గుడివాడ, తిరుపతి. గుడివాడ ఎందుకో అర్థం చేసుకోవడం తేలిక. ఆయన పుట్టిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలో ఆ చుట్టుపక్కలే. సొంత నేల. తిరుపతి సంగతి వేరు. తెరమీద వెంకటేశ్వరుడిగా, కృష్ణుడిగా ఆయన్ను చూసి ఇంట్లో ఫొటో పెట్టుకున్న జనం ఉన్న రోజులవి. కోస్తాలో ఒకటి, రాయలసీమలో ఒకటి. రెండూ గెలిచారు. పార్టీకి రెండు వందలకు పైగా సీట్లు వచ్చాయి, కాంగ్రెస్ అరవై దగ్గర ఆగిపోయింది. జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ప్రమాణం చేశారు.

ఇక్కడ ఒక రూల్ చెప్పాలి. ఇది తెలియకపోతే మిగతా కథ సగమే అర్థమవుతుంది.

[స్క్రీన్ మీద: ఒక మనిషి, రెండు కుర్చీలు]

ఒక మనిషి రెండు సీట్లు గెలవొచ్చు, కానీ సభలో ఒక్క కుర్చీలోనే కూర్చోగలడు. ప్రజాప్రాతినిధ్య చట్టం 70వ సెక్షన్ ప్రకారం గడువులోగా ఒక్కటి ఉంచుకుని మిగతావాటికి రాజీనామా ఇవ్వాలి. ఆ గడువు 14 రోజులు. ఇవ్వకపోతే ఒకటి కాదు, అన్ని సీట్లూ పోతాయి. వదిలేసిన చోట మళ్లీ ఉప ఎన్నిక. అంటే మళ్లీ పోలింగ్ బూతులు, మళ్లీ స్కూళ్లకు సెలవు, మళ్లీ క్యూ.

1984 ఆగస్టులో ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది కాబట్టి తొందరగా చెబుతాను. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన రెండు రోజులకే, ఆగస్టు 16న, గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. అదే పార్టీ నాయకుడు నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. ఎమ్మెల్యేలు కర్ణాటకకు తరలారు, ఊళ్లలో బందులు జరిగాయి, గవర్నర్ మారారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. నెల రోజుల కథ అది. ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు చాలా ఇష్టం. పదవి దక్కింది కదా అని కూర్చోలేదు. అసెంబ్లీ రద్దు చేయించి, మళ్లీ ప్రజల దగ్గరికి వెళ్లారు.

1985 మార్చి. ఈసారి మూడు నామినేషన్లు. కోస్తాలో గుడివాడ, రాయలసీమలో హిందూపురం, తెలంగాణలో నల్గొండ.

[మ్యాప్ మీద మూడు చుక్కలు, వాటిని కలుపుతూ త్రిభుజం]

ఈ మూడింటినీ కలిపి గీత గీస్తే ఏం కనిపిస్తోంది? మూడు ప్రాంతాలూ నావే అంటున్నాడు ఆ మనిషి. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం చూసిన రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. పరీక్ష పెట్టుకున్నారు, పాసయ్యారు. మూడు చోట్లా గెలిచారు. పార్టీకి 202 సీట్లు వచ్చాయి.

మరి మూడింటిలో ఏది ఉంచుకున్నారు? సొంత ఊరి పక్కనున్న గుడివాడ కాదు. హిందూపురం. పెన్నా నది దారిలో, లేపాక్షికి దగ్గర్లో ఉండే కరువు సీమ ఊరు. నల్గొండ ఉప ఎన్నికలో తెలుగుదేశం నుంచి గడ్డం రుద్రమదేవి ఎన్నికయ్యారు. గుడివాడలోనూ ఉప ఎన్నిక జరిగింది.

గుడివాడ ఓటరు వైపు నుంచి ఒకసారి చూడండి. 1983 జనవరిలో అసెంబ్లీకి ఓటు. 1984 డిసెంబర్‌లో లోక్‌సభకు ఓటు. 1985 మార్చిలో మళ్లీ అసెంబ్లీకి. కొన్ని నెలలకే ఉప ఎన్నిక. మూడేళ్లు నిండకుండానే నాలుగుసార్లు వేలికి సిరా. తమ ఊరి బిడ్డ ముఖ్యమంత్రి అయ్యాడన్న సంతోషం వాళ్లకు ఉండే ఉంటుంది. కానీ ఓటేసింది ఆయనకు, ఎమ్మెల్యేగా పనిచేసింది వేరేవాళ్లు. ఎన్టీఆర్ మీద ఎంత గౌరవం ఉన్నా ఈ పద్ధతి నాకు నచ్చదు. ఓటరు ఎంచుకున్న మనిషి ఆ ఊరి తరఫున సభలో కూర్చోవాలి. చట్టం ఒప్పుకుంది కాబట్టి అది తప్పు కాలేదు, అంతే.

అయితే రెండో సీటు అవసరం ఎంతుందో కూడా చెప్పాలి. రాజ్యాంగం ప్రకారం ముఖ్యమంత్రి ఆరు నెలల్లోగా సభలో సభ్యుడు కావాలి. ఎమ్మెల్యేగా ఓడిన నాయకుడు శాసనమండలి ఉన్న రాష్ట్రాల్లో ఆ దారిలో లోపలికి రావచ్చు. అప్పట్లో మన దగ్గర ఆ దారి లేకుండా పోయింది. 1985లో మండలి రద్దయింది, రద్దు కోరింది ఎన్టీఆర్ ప్రభుత్వమే. అంటే వెనక తలుపు ఆయనే మూయించారు. ఇక ముందు తలుపులోంచే రావాలి, ఆ ముందు తలుపు హిందూపురం.

ఇప్పుడు 1989కి వద్దాం. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఆయన ఎన్నికల జీవితంలో ఉన్న ఒకే ఒక్క ఓటమి ఇదే.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆయన తన మంత్రివర్గంలోని 31 మందినీ ఒకేసారి తొలగించారు. అంతకు రెండు నెలల ముందు విజయవాడలో కాంగ్రెస్ ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య, దాని వెంట అల్లర్లు. ఆరేళ్ల పాలన మీద సహజంగా ఉండే అసంతృప్తి ఎలాగూ ఉంది. నవంబర్‌లో పోలింగ్. హిందూపురంతో పాటు ఎన్టీఆర్ ఎంచుకున్న రెండో సీటు మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి. పాలమూరు నేల. వానలు లేక, పని వెతుక్కుంటూ మేస్త్రీల వెంట దూరాలకు వలస పోయిన కూలీల నేల. అంతకుముందు ఎస్.జైపాల్‌రెడ్డిని వరసగా అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం. కాంగ్రెస్ అభ్యర్థి జె.చిత్తరంజన్ దాస్.

[స్క్రీన్ మీద: చెక్క టేబుల్, బ్యాలెట్ పేపర్ల కట్టలు]

అప్పుడు యంత్రాలు లేవు, బ్యాలెట్ పేపర్లే. ఓటరు రబ్బరు స్టాంపుతో గుర్తు మీద ముద్ర వేసి, మడిచి పెట్టెలో వేయాలి. మడతలో సిరా పక్క గుర్తుకు అంటుకుంటే ఆ ఓటు ఎవరిదని ఏజెంట్లు గొడవపడేవాళ్లు. లెక్కింపు రోజు పెట్టెలు తెరిచి, పేపర్లు విప్పి, అభ్యర్థి వారీగా కట్టలు కట్టేవాళ్లు. రౌండు రౌండుకీ గంటలు పట్టేది. బయట జనం, చెవి దగ్గర ట్రాన్సిస్టర్. ఇప్పట్లా పది నిమిషాలకోసారి ఫోన్లో లీడింగ్ రాదు. ఒక్కో కట్ట పెరిగే కొద్దీ ఆ గదిలో ఎంత టెన్షన్ ఉండేదో ఊహించుకోండి. ఒకవైపు రాష్ట్రం మొత్తానికి తెలిసిన ముఖం, ముఖ్యమంత్రి. ఇంకోవైపు కల్వకుర్తి బయట పెద్దగా ఎవరికీ తెలియని పేరు.

చిత్తరంజన్ దాస్ గెలిచారు. తేడా నాలుగు వేల ఓట్లు కూడా లేదు. ఆయన తర్వాత మంత్రి కూడా అయ్యారు. ఎన్టీఆర్‌ను ఓడించిన మనిషి అనే మాట ఆయన పేరుతో పాటే ఉండిపోయింది.

దీన్ని ఆ ఏడాది గాలి అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. గాలి ఉంది, కాదనను. కాంగ్రెస్‌కు 181, తెలుగుదేశానికి 74. కానీ అదే గాలిలో హిందూపురం ఆయన్ను గెలిపించింది కదా! నాకు తోచేది ఇది. 1983లో తిరుపతి, 1985లో నల్గొండ ఒక పెద్ద మాటకు ఓటేశాయి. ఆ మాట మీద జనానికి ఉత్సాహం ఉన్నంతకాలం ఏ ఊళ్లో నిలబడ్డా గెలుపే. ఉత్సాహం తగ్గిన రోజున ఓటరు అడిగేది మామూలు ప్రశ్న. ఈయన మా ఎమ్మెల్యేగా ఉంటారా, గెలిచాక మా సీటు వదిలేస్తారా? నల్గొండలో ఏం జరిగిందో పక్క జిల్లా కల్వకుర్తికి తెలియకుండా ఉంటుందా? కల్వకుర్తి ఓటరు ఈ ఒక్క కారణంతోనే ఓటేశాడని నేను అనను. కానీ ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఇంకో సంగతి. ఆ రోజు హిందూపురం కూడా ఓడించి ఉంటే ఎన్టీఆర్ సభ బయటే ఉండిపోయేవారు, మండలి లేదు కాబట్టి. హిందూపురం నిలబెట్టింది. ఆ సీటుతోనే ఐదేళ్లు ప్రతిపక్షంలో ఉన్నారు.

ఆ మధ్యకాలంలో ఆయన పోటీ పెట్టకుండా వదిలేసిన సీటు ఒకటుంది. 1991లో పి.వి.నరసింహారావు ప్రధాని అయ్యాక నంద్యాల లోక్‌సభ ఉప ఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు మొదటిసారి ప్రధాని అయ్యాడు, ఆయన మీద మేం అభ్యర్థిని పెట్టం అన్నది తెలుగుదేశం. పుట్టిందే కాంగ్రెస్ మీద పోరాడటానికి, అయినా ఆ పార్టీ ఆ పని చేసింది. ఇది చెప్పుకుని తీరాల్సిన విషయం అనిపించి చెప్పాను.

[మ్యాప్ మీద పైన చుక్క వెలుగుతుంది: టెక్కలి]

1994 డిసెంబర్. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకిన తర్వాత వచ్చిన ఎన్నిక. సంపూర్ణ మద్య నిషేధం తెస్తానని మాట ఇచ్చారు. ఈసారి హిందూపురానికి తోడు ఎంచుకున్నది టెక్కలి. ఇంతవరకు తాకని మూల అదొక్కటే, ఉత్తరాంధ్ర. రెండూ గెలిచారు. పార్టీకి 216, కాంగ్రెస్‌కు 26. మళ్లీ అదే ప్రశ్న, ఏది ఉంచుకోవాలి? మళ్లీ అదే జవాబు, హిందూపురం. టెక్కలికి ఉప ఎన్నిక.

1995 ఆగస్టు సంక్షోభం గురించి ఇక్కడ ఎక్కువ మాట్లాడను, దానికి వేరే వీడియో కావాలి. మెజారిటీ ఎమ్మెల్యేలు చంద్రబాబు నాయుడు వైపు వెళ్లారు, సెప్టెంబర్ 1న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. ఈ వీడియోకు అవసరమైన సంగతి మాత్రం ఒకటుంది. ఎన్టీఆర్ చేతిలోంచి ముఖ్యమంత్రి పదవి మూడుసార్లు పోయింది. 1984లో గవర్నర్ తీశారు. 1995లో ఎమ్మెల్యేల సంఖ్య తీసింది. ఓటర్లు తీసింది ఒక్క 1989లోనే. ఈ మూడుసార్లూ ఎమ్మెల్యే సీటు మాత్రం ఆయన దగ్గరే ఉంది. ఎందుకంటే అది ఇచ్చింది, తీసుకోగలిగింది ఆ నియోజకవర్గ జనమే.

1996 జనవరి 18న ఆయన చనిపోయారు. అదే ఏడాది చట్టం మారింది, ఒక మనిషి రెండు సీట్లకు మించి పోటీ చేయకూడదని. 1985లో ఆయన చేసినట్టు మూడు ప్రాంతాల్లో మూడు నామినేషన్లు వేయడం ఇక ఎవరికీ కుదరదు.

[మ్యాప్ మీద ఐదు చుక్కలు ఆరిపోతాయి. హిందూపురం ఒక్కటే మిగులుతుంది.]

1985, 1994 ఎన్నికల తర్వాత గుడివాడ, నల్గొండ, టెక్కలి ఓటర్లు ఆయన గెలిచి వదిలేసినందుకు ఉప ఎన్నిక చూశారు. హిందూపురం మూడుసార్లు గెలిపించింది, ఆ మూడుసార్లలో ఒక్కసారి కూడా ఆయన ఆ సీటు వదల్లేదు. ఆయన వల్ల హిందూపురానికి ఉప ఎన్నిక వచ్చింది ఒక్క 1996లోనే, ఆయన లేకపోవడంతో. ఆ ఉప ఎన్నికలో గెలిచి అసెంబ్లీకి వెళ్లింది నందమూరి హరికృష్ణ, ఆ రోజు చైతన్య రథం స్టీరింగ్ పట్టుకున్న కొడుకు.