స్పెషల్ బీఈడీ: చిన్న మిషన్ కాలేజీలో చేరొచ్చా? ముందు ఏం చూడాలి, లోపల ఏం నేర్పుతారు?

అందరికీ నమస్కారం. తిరుపతి, చిత్తూరు వైపు డిగ్రీ పూర్తయిన పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే. "మేడమ్, స్పెషల్ బీఈడీ చేద్దామనుకుంటున్నా. ఒక చిన్న క్రిస్టియన్ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది. చేరమంటారా?" స్పెషల్ బీఈడీ అంటే వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ల కోర్సు. నేను చదివింది అలాంటి కాలేజీలోనే. ఇప్పుడు తిరుపతిలో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. కాలేజీ చిన్నదని వెనకాడకండి. అక్కడ మీరు ప్రాక్టీస్‌లో పిల్లల గురించి రాసిన ఫైలును లెక్చరర్ కూర్చుని చదువుతారా, సంతకం పెట్టి పక్కన పెడతారా అన్నది కనుక్కోండి. ఎందుకో కాసేపట్లో చూపిస్తాను.

ముందు కాగితాల సంగతి. ఈ కోర్సులకు అనుమతి ఇచ్చేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ. 1992 చట్టం ప్రకారం కోర్సు పూర్తయ్యాక ఆర్‌సీఐ నడిపే సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో (సీఆర్‌ఆర్) మీ పేరు ఎక్కాలి, సీఆర్‌ఆర్ నంబర్ రావాలి. రిజిస్టర్ కాకుండా ఈ పని చేస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడే అవకాశం కూడా ఆ చట్టంలో ఉంది. "మా కాలేజీకి ఆర్‌సీఐ అనుమతి ఉంది" అన్న మాట ఒక్కటే నమ్మకండి. అనుమతి కోర్సు వారీగా ఇస్తారు, అదీ కొన్ని విద్యా సంవత్సరాలకే. వినికిడి లోపం కోర్సుకు అనుమతి ఉన్నచోట మేధో వైకల్యం కోర్సుకు లేకపోవచ్చు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీ జాబితా ఉంటుంది. మీ కోర్సు, మీరు చేరే సంవత్సరం అందులో ఉన్నాయో లేదో మీ కళ్లతో మీరే చూసుకోండి. ఆఫీసులో "అప్లై చేశాం, వచ్చేస్తుందమ్మా" అంటే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. మొహమాటపడితే మీ చదువు కాలం మొత్తం గంగలో కలుస్తుంది.

క్రిస్టియన్ కాలేజీ అనగానే ఇంట్లో పెద్దవాళ్లకు ఒక టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. నా క్లాసులో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. పొద్దున ప్రార్థన జరిగేది, ఇష్టమున్నవాళ్లు వెళ్లేవాళ్లు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధనకు రమ్మని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. ఈ చదువుకూ మిషన్ సంస్థలకూ సంబంధం కూడా పాతదే. 1887లో అమృత్‌సర్‌లో మన దేశపు మొదటి అంధుల పాఠశాల పెట్టింది ఆనీ షార్ప్ అనే మిషనరీ.

సరే, అసలు చదువులోకి వద్దాం. ఇదిగో, ఈ చొక్కా చూడండి. తొమ్మిదేళ్ల బాబు, మేధో వైకల్యం ఉంది, గుండీలు పెట్టుకోలేడు. మొదటి నెలలో మనందరం ఐఈపీలో, అంటే ఆ ఒక్క బిడ్డ కోసం రాసే విద్యా ప్రణాళికలో, ఇలా రాస్తాం: "బాబు గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటాడు." అది లక్ష్యం కాదు, కోరిక. ఎన్ని గుండీలు? ఎవరి సాయంతో? నేర్చుకున్నాడని ఎలా తెలుస్తుంది?

ముందు బిడ్డకు ఏం వచ్చో, ఏం రాదో అంచనా వేయాలి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నాం, తయారుచేసిన ఎఫ్‌ఏసీపీ అనే చెక్‌లిస్ట్ ఉంది. అందులో "చేస్తాడు, చేయడు" అని రెండే గడులు ఉండవు. నోటితో చెబితే చేస్తే వీపీ, చేయి పట్టుకుని చేయిస్తే పీపీ. ఇంకొకటి ఉంది, ఎన్ఈ. అంటే ఆ పని చేసే అవకాశమే ఆ బిడ్డకు ఎప్పుడూ రాలేదని. నాకు ఈ చెక్‌లిస్ట్‌లో అన్నిటికన్నా విలువైనది ఆ గడి. రోజూ అమ్మే గుండీలు పెట్టి బడికి పంపుతుంటే "చేయలేడు" అని మీరెలా రాస్తారు? అమ్మను అడగాలి. భాష కూడా అడగాలి. నగరి, కుప్పం వైపు కొందరు పిల్లలు ఇంట్లో తమిళమే మాట్లాడతారు. మీరు తెలుగులో "చొక్కా వేసుకో" అంటే కదలని బిడ్డ, "సట్టై పోడు" అనగానే చేయి చాపుతాడు. తప్పు బిడ్డది కాదు కదా.

ఇప్పుడు పనిని ముక్కలు చేద్దాం. ఒక చేత్తో గుండీ పట్టుకోవడం. రెండో చేత్తో కాజా అంచు పట్టుకోవడం. గుండీ అంచును కాజాలోకి తోయడం. అవతల కనిపించిన అంచును వేళ్లతో అందుకోవడం. లాగడం. ఐదు మెట్లు. నేను చివరి మెట్టుతో మొదలుపెడతాను. నాలుగూ నేను చేసి, సగం దూరిన గుండీని బాబు చేత లాగిస్తాను. పని పూర్తిచేసింది తనే కాబట్టి ఆ సంతోషం తనదే. అది కుదిరాక నాలుగో మెట్టు, ఆపైన మూడోది. దీన్ని బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారు. ముందు పెద్ద గుండీలు, వదులు కాజాలు ఉన్న చొక్కా తీసుకోండి. బల్ల మీద పరిచి చేయించినా, చివరికి ఒంటి మీద వేసుకునే చేయించాలి, ఎందుకంటే కోణం మారిపోతుంది.

ఇప్పుడు లక్ష్యం మళ్లీ రాద్దాం. "పెద్ద గుండీలున్న చొక్కా వేసుకున్నప్పుడు, నోటిమాట సాయంతో, 5 ప్రయత్నాల్లో 4 సార్లు, సగం దూర్చిన చివరి గుండీని బాబు లాగి పూర్తిచేస్తాడు." ఇది ఎవరు చదివినా కొలవగలరు. మా లెక్చరర్ నా ఫైల్లో ఇలాంటి వాక్యం దగ్గర ఎర్ర పెన్నుతో "ఏ సాయంతో?" అని రాసి వెనక్కి ఇచ్చేవారు, మళ్లీ రాయించేవారు. తక్కువమంది ఉన్న క్లాసు కాబట్టి ఆవిడకు అది వీలైంది. నా దగ్గరికి వచ్చిన ఒక తల్లి "మేడమ్, మా పిల్లోడికి చదువు వస్తాదా?" అని అడిగితే, నేను ఫైలు తెరిచి ఈ నెల ఏం వచ్చిందో, వచ్చే నెల ఏం మొదలుపెడతామో చూపించగలిగానంటే ఆ ఎర్ర పెన్ను వల్లే.

కాబట్టి కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు భవనం చూసి రాకండి. ప్రాక్టీస్‌కు ఏ స్కూలుకు పంపుతారో అడిగి, వీలైతే ఆ స్కూలుకే వెళ్లండి. సీనియర్లతో మాట్లాడండి: ఎన్ని రోజులు పిల్లలతో ఉన్నారు, ఫైలు ఎవరు దిద్దారు?

ఉద్యోగాల సంగతి కూడా అడుగుతున్నారు. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మన రాష్ట్రంలో టెట్ రాసేటప్పుడు స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్లకు పేపర్లు 1బి, 2బి. అప్లికేషన్‌లో 1ఏ, 2ఏ నొక్కేయకుండా నెమ్మదిగా చూసి నింపండి.