ఫస్ట్ ర్యాంక్ కొట్టినా సీటు రాని టీమ్

రగ్బీ లీగ్ (రగ్బీలో ఒక రకం ఆట) వీడియో పెట్టిన ప్రతిసారీ ఒకటే మాట, "కింద డివిజన్‌లో ఉన్నారంటే ఆట రాదనేగా బ్రో". కాదు బ్రో, కానే కాదు, ఇవాళ ఇది తేల్చేద్దాం.

ఇంగ్లాండ్ వెస్ట్ యార్క్‌షైర్‌లో కీత్లీ అని ఉన్ని మిల్లుల ఊరు. స్పెల్లింగ్ చూస్తే కీగ్లీ అనాలనిపిస్తది గానీ ఊరోళ్ళు కీత్లీ అనే అంటారు. 1980ల్లో ఈ ఊరి టీమ్ మ్యాచ్‌కి వందల్లోనే జనం. 1991లో కీత్లీ కూగర్స్ అని పేరు మార్చారు, మైకులో పాటలు, మస్కట్, పిల్లాజెల్లాతో ఫ్యామిలీలు దిగిపోయి జనం వేలల్లోకి వెళ్ళింది, దానికి కూగర్‌మేనియా అనే పేరే పడింది. 1993లో థర్డ్ డివిజన్ కొట్టారు, 1995లో సెకండ్ డివిజన్ కూడా కొట్టేశారు. ఇక పై డివిజన్‌కి వెళ్ళడమే.

ఇప్పుడు మన ఎంసెట్ లెక్కలో చూడండి. నీకు ఫస్ట్ ర్యాంక్, ఇంట్లో స్వీట్లు పంచేశారు, తీరా కౌన్సెలింగ్‌కి వెళ్తే రూల్స్ మారాయి, నాలుగో ర్యాంకోడికి ఇచ్చేశాం వాడిది పెద్ద సిటీ అన్నారు, ఇంకో సీటేమో అసలు పరీక్షే రాయనోడికి. కడుపు మండదా? 1995 ఏప్రిల్‌లో మీడియా కింగ్ మర్డోక్ న్యూస్ కార్పొరేషన్ 87 మిలియన్ పౌండ్లతో సూపర్ లీగ్ అనే కొత్త టాప్ లీగ్ ప్రకటించారు, లిస్టులో అదే సెకండ్ డివిజన్‌లో నాలుగో ప్లేస్ వచ్చిన లండన్ ఉంది, అప్పటికింకా పుట్టని ప్యారిస్ టీమ్ ఉంది, ఫస్ట్ వచ్చిన కీత్లీ లేదు! పెద్ద లీగ్ ఆశతో గ్రేట్ బ్రిటన్ ప్లేయర్ డారిల్ పావెల్‌ని కూడా తెచ్చుకున్నారు పాపం. మే నెలలో మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియంలో సెకండ్ డివిజన్ ప్రీమియర్‌షిప్ ఫైనల్ కూడా గెలిచారు, అయినా సీటు లేదు. ఆ ప్యారిస్ టీమ్ రెండు సీజన్లకే మూతపడింది, నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అదే.

తర్వాత డబ్బు కష్టాలు, కింద డివిజన్లకి జారడం. టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 2022లో మూడో డివిజన్‌లో 20కి 20 మ్యాచ్‌లు గెలిచి పైకొచ్చారు, 2023లో మళ్ళీ కిందకి. 2025 సీజన్‌కైతే సూపర్ లీగ్ సీటుకి గ్రేడింగ్ పెట్టారు, 20 మార్కుల్లో ఆటకి 5 మాత్రమే, మిగతావి ఫ్యాన్స్, ఫైనాన్స్, స్టేడియం, ఇంకా చుట్టుపక్కల జనాభాకి కూడా మార్కులు. కీత్లీ ఏమో చిన్న ఊరు, జనాభా 50 వేల పైచిలుకే.